పన్నెండు షీట్లు, ఒక మండువా ఇల్లు

"ఫోన్లో అయితే వంద తీసుకోవచ్చు కదరా, ఈ చెక్కపెట్టె ఎందుకూ?" అని అడిగాడు మా బాబాయ్. సరిగ్గా ఇదే ప్రశ్న మా రూమ్మేటు అడిగాడు, మా టీములో వాళ్ళు అడిగారు, ఆఖరికి మా అపార్టుమెంటు వాచ్‌మేన్ కూడా అడిగాడు. ఒక్కొక్కళ్ళకి ఒక్కో సమాధానం చెప్పాను. ఏ సమాధానమూ నాకే నచ్చలేదు. అందుకని మొదటినుంచీ ఓసారి చెప్పుకుంటూ వస్తే నాకైనా తెలుస్తుందేమోనని మొదలుపెట్టాను.

చెక్కపెట్టె అంటే 4×5 కెమెరా. నాలుగంగుళాల వెడల్పు, అయిదంగుళాల పొడవు ఉండే ఫిల్ము షీటు మీద ఒకసారికి ఒక్క ఫొటో తీసే సరంజామా. ముందు లెన్సు, వెనక గరుకు గాజుపలక, మధ్యలో హార్మోనియం తిత్తిలాంటి బెలోస్. అంతే. బ్యాటరీ లేదు, మెనూ లేదు, ఆటోఫోకస్ అసలే లేదు. పాత సినిమాల్లో నల్లగుడ్డ కింద దూరి "రెడీ" అనే స్టూడియో ఆయన గుర్తున్నాడు కదా, ఆయన వాడేదానికి ఇది చిన్న తమ్ముడన్నమాట. మామూలు 35 ఎం.ఎం. రీల్లో ఒక ఫ్రేముతో పోలిస్తే ఈ షీటు వైశాల్యం 13 రెట్ల పైనే. అసలు మతలబంతా ఆ 13 రెట్లలోనే ఉంది.

ఈ పిచ్చి నాకు ఎలా పట్టిందంటే...

మా ఊరు కోనసీమలో, అమలాపురానికి దగ్గర. అక్కడ మా తాతగారు కట్టించిన మండువా లోగిలి ఉంది. ఉండేది. సావిడి గోడకి తాతగారూ మామ్మా ఉన్న ఫొటో ఒకటి వేలాడుతుండేది. 1962లో స్టూడియో ఆయన్ని ఇంటికి పిలిపించి, వీధి అరుగు మీద కుర్చీలు వేయించి తీయించుకున్నారట. చిన్నప్పట్నుంచీ చూస్తూనే ఉన్నా ఎప్పుడూ పట్టించుకోలేదు. 2023 దసరాకి వెళ్ళినప్పుడు దుమ్ము దులుపుదామని కిందకి దించి కిటికీ దగ్గర పెట్టాను. మామ్మ చీర అంచులో పువ్వుల రేకులు లెక్కపెట్టొచ్చు. తాతగారి చేతి గడియారంలో టైము నాలుగూ పది. అరవై ఏళ్ళ క్రితం ఓ మధ్యాహ్నం నాలుగూ పది! నా ఫోన్ కెమెరా 48 మెగాపిక్సెళ్ళని డబ్బా మీద రాసుంది. అదే ఇంటిని దాంతో తీసి జూమ్ చేస్తే కొబ్బరాకులన్నీ గోంగూర పచ్చడిలా అయిపోతాయి.

దాంతో ఇంటర్నెట్టు మీద పడ్డాను. మనవాళ్ళకి ఒక జబ్బుంటుంది కదా, ఏదైనా ఒకటి తగులుకుంటే రాత్రి రెండింటిదాకా చదువుతూనే ఉండటం. అలా చదువుతుంటే రాజా దీన్‌దయాళ్ దగ్గరికి వెళ్ళాను. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫరు, సికింద్రాబాదులో స్టూడియో పెట్టినాయన. 1844లో పుట్టి 1905లో పోయాడు. ఆయన గాజుపలకల నెగెటివులు ఇప్పుడు ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి. నాకు బాగా నచ్చిన సంగతేంటంటే ఆయన రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ఇండోర్లో పనుల శాఖలో ఎస్టిమేట్లు వేస్తూ ఫొటోగ్రఫీలోకి దిగాడు. ఇంజనీరింగ్ చదివి ఉద్యోగం చేస్తూ పక్కన ఇంకోటి మొదలెట్టడం మన తరమే కనిపెట్టిందని అనుకుంటాం గానీ, నూట యాభై ఏళ్ళ క్రితమే ఉంది :-)

కెమెరా ఇంగ్లండు నుంచి తెప్పించాను. ఇంట్రెపిడ్ అని బ్రైటన్లో ఒక చిన్న కంపెనీ ప్లైవుడ్డుతో చేస్తుంది. ఉన్నవాటిల్లో చవకది, తేలికది. లెన్సు జపాన్ నుంచి సెకండ్ హ్యాండు, ఫుజినాన్ 90 ఎం.ఎం. దానికీ దీనికీ కస్టమ్స్ డ్యూటీ కట్టాక, ఆ ఏడు కొత్త ఫోను కొనే కార్యక్రమం రద్దయింది. ఇంట్లో మాత్రం ఇప్పటికీ అసలు ధరలో మూడోవంతే చెప్పి ఉంచాను.

ఇక ఫిల్ము. షీటు ఫిల్ము బయటినుంచే రావాలి. ఒక్కో షీటు రెండు మూడు డాలర్ల పైమాటే, రవాణా ఖర్చు వేరే. ప్రతి క్లిక్కుకీ రెండొందలు పైన పోతాయంటే చేయి వణుకుతుంది. నేర్చుకునేటప్పుడు వణికితే లాభం లేదు. దీనికి ఒక అడ్డదారి ఉంది: ఎక్స్‌రే ఫిల్ము. మెడికల్ సప్లైస్ వాళ్ళ దగ్గర 8×10 అంగుళాలది దొరుకుతుంది. నాలుగు ముక్కలు చేస్తే నాలుగు 4×5లు. ముక్కల్ని కొంచెం తగ్గించి కొయ్యాలి, ఎందుకంటే 4×5 అని పేరే గానీ అసలు షీటు ఆ కొలతకి ఓ వెంట్రుకవాసి తక్కువుంటుంది. నేను సరిగ్గా నాలుగూ అయిదూ కొలిచి కోసి, హోల్డర్లో దూరక చీకట్లో అరగంట కుస్తీ పట్టాను. ఆకుపచ్చ వెలుతురుకి స్పందించే రకం ఎక్స్‌రే ఫిల్ముకి ఎరుపు కనబడదు. అంటే ఎర్రలైటు వేసుకుని డెవలప్ చేసుకోవచ్చు, బొమ్మ పైకి తేలడం కళ్ళారా చూడొచ్చు. మామూలు పాంక్రొమాటిక్ ఫిల్ముకి ఆ వైభోగం లేదు, కటిక చీకటే.

ఆ ఎర్రబల్బు దగ్గరే మొదటి దెబ్బ. వరసగా నాలుగు షీట్లు మబ్బుగా, బూడిద రంగులో వచ్చాయి. డెవలపరు తప్పనుకున్నాను, ఫిల్ము పాతదనుకున్నాను, కెమెరాలో కన్నముందేమోనని లోపల టార్చిలైటు పెట్టి చూశాను. చివరికి తేలిందేంటంటే, నేను కొన్న బల్బు ఎర్రగాజు లోపల తెల్ల ఎల్‌ఈడీ. పరీక్ష చాలా తేలిక. చీకట్లో ఫిల్ము ముక్క మీద రూపాయి బిళ్ళ పెట్టి, అయిదు నిమిషాలు ఆ బల్బు వెయ్యాలి. తర్వాత డెవలప్ చేస్తే బిళ్ళ ఆకారం కనబడకూడదు. నాకైతే గుండ్రంగా, చంద్రుడిలా కనబడింది. బగ్గు కోసం కోడంతా వెతికాక కాన్ఫిగ్ ఫైల్లో దొరికినట్టు.

డెవలపరు నేనే కలుపుకున్నాను. డి-76 అని కొడాక్ వాళ్ళ ఫార్ములా, దాదాపు వందేళ్ళ నాటిది, ఇప్పటికీ నడుస్తోంది. లీటరు నీళ్ళకి మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100, హైడ్రోక్వినోన్ 5, బొరాక్స్ 2. నీళ్ళు 50 డిగ్రీల దగ్గర ఉండాలి, మెటాల్ ముందు వెయ్యాలి. సల్ఫైటంతా ముందే వేసేస్తే మెటాల్ కరగనని మొరాయిస్తుంది. ఫిక్సరుకి హైపో స్ఫటికాలు. ఇవన్నీ కోఠీ వైపు లాబ్ కెమికల్స్ షాపులో దొరికాయి. షాపాయన "కాలేజీకా?" అన్నాడు, అవునన్నాను. హైపో నీళ్ళలో వేస్తే గిన్నె చల్లబడిపోతుంది, ఇంటర్లో చదువుకున్న ఉష్ణగ్రాహక చర్య. పరీక్షలో రెండు మార్కులకి రాసినదాన్ని చేత్తో పట్టుకుని చూడటం అదే మొదటిసారి. అన్నట్టు మెటాల్ కొంతమంది చర్మానికి పడదు, చేతులకి తొడుగులు తప్పనిసరి.

అర్ధరాత్రి బాత్రూము తలుపు కింద తువ్వాలు కుక్కి, చిన్న డిజిటల్ తక్కెడలో తెల్లపొడి తూస్తుంటే మా రూమ్మేటు చూసి, ఓ నిమిషం ఏమీ మాట్లాడలేదు. తర్వాత చాలా మెల్లగా, "ఏమైనా ప్రాబ్లమా రా? చెప్పు, మనం మనం మాట్లాడుకుందాం" అన్నాడు. పాపం, వాణ్ణి కూర్చోబెట్టి ఒక నెగెటివు చూపించాక గానీ నిద్రపోలేదు.

ఇది 2024 మే నెల. పుస్తకాల్లో ఎక్కడ చూసినా 20 డిగ్రీలు అని రాసుంటుంది. హైదరాబాదులో మే నెలలో ఓవర్‌హెడ్ ట్యాంకు నీళ్ళతో టీ పెట్టుకోవచ్చు. ఫ్రిజ్‌లో ఐసు ముక్కల్ని ప్లాస్టిక్ కవర్లో కట్టి డెవలపరులో ముంచి 24 దాకా దించేవాణ్ణి. వేడి ఎక్కువైతే పని తొందరగా అయిపోవడమే కాదు, ఫిల్ము మీది జెలటిన్ మెత్తబడి గోరు తగిలినా గీత పడుతుంది. ఎక్స్‌రే ఫిల్ముకైతే రెండువైపులా పూతే. ట్రే అడుగున గాజుముక్క పరిస్తే గీతలు తగ్గాయి. ఆగస్టు వచ్చేసరికి పదింట ఎనిమిది షీట్లు చూడబుల్‌గా వస్తున్నాయి. మా బాల్కనీ, మా గిన్నెలు, మా రూమ్మేటు మొహం. ఇంతకుమించి తీయాల్సిన వస్తువేదీ నా దగ్గర లేదు.

వినాయక చవితి నాడు నాన్న ఫోన్ చేసి, మామూలుగా మాట్లాడుతూ మాట్లాడుతూ, "ఊళ్ళో ఇల్లు తీసేద్దామనుకుంటున్నాం రా. సంక్రాంతి అయ్యాక, మాఘమాసంలో" అన్నారు.

ఇందులో ఎవరి తప్పూ లేదు. ముగ్గురన్నదమ్ములు, మూడు వాటాలు. పెద్దనాన్నా పెద్దమ్మా ఇద్దరే ఉంటున్నారు, వాసాలకి చెద పట్టింది, పెంకు నేయించడానికి మనుషులు దొరకట్లేదు. పెద్దనాన్న తన వాటాలో చిన్న డాబా వేసుకుంటారు. టేకు స్తంభాలకీ దూలాలకీ బేరం కుదిరిపోయింది. ఇప్పుడు రిసార్టుల వాళ్ళు పాత కలప కోసం ఎగబడుతున్నారట. హైదరాబాదులో కూర్చుని "అయ్యో, వారసత్వం" అనడానికి నాకేం హక్కుంది? రెండేళ్ళకోసారి వెళ్ళి ఉయ్యాలబల్ల మీద పడుకుని ఫోన్ చూసుకునేవాణ్ణి. అయినా ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున లేచి ఇల్‌ఫర్డ్ ఎఫ్‌పి4 ఫిల్ము ఒక డబ్బా, 25 షీట్లు ఆర్డరు పెట్టాను.

నా దగ్గర హోల్డర్లు ఆరు. ఒక్కోదానికి రెండు వైపులా రెండు షీట్లు, మొత్తం పన్నెండు. డబ్బాలో ఇంకా ఉన్నా మళ్ళీ నింపుకోవాలంటే కటిక చీకటి కావాలి. సంక్రాంతికి ఆ ఇంట్లో పదిహేడుమంది ఉంటారు. రాత్రి రగ్గు కింద దూరి నింపుకుందామంటే ఎవడో ఒకడు మంచినీళ్ళకి లేచి లైటేస్తాడు. కాబట్టి పన్నెండే. నవంబరు, డిసెంబరు నెలల్లో ఆఫీసు కాల్సులో మ్యూట్‌లో పెట్టుకుని నేను చేసిందల్లా ఆ పన్నెండూ దేనికి ఖర్చుపెట్టాలా అని కాగితం మీద రాసుకుని కొట్టేసుకోవడం. వీధిలోంచి ఇల్లు రెండు. మండువా రెండు. అందరి గ్రూపు ఫొటో రెండు. తూర్పు వైపు కప్పు, పెరట్లో నుయ్యి, స్తంభం మీద చెక్కుడు పని, పెద్దనాన్న, వంటిల్లు, మామ్మ గది తలో ఒకటి. బాగుంటాయనుకున్నవాటికి రెండేసి పెట్టుకున్నాను, ఒకటి పోయినా ఇంకోటి ఉంటుందని. ఆ లెక్క నేనే వేశాను.

సంక్రాంతి టికెట్ల గురించి మీకు నేను చెప్పేదేముంది. గౌతమిలో సైడ్ అప్పరు మీద కెమెరా బ్యాగు తలకింద పెట్టుకుని రాజమండ్రి, అక్కణ్ణుంచి బస్సు.

2025 జనవరి 13, భోగి. నాలుగింటికి లేచాను. వీధిలో మంట వేస్తున్నారు. బాబాయ్ విరిగిన కిటికీ రెక్కలు రెండు, కాళ్ళూడిన మంచం పట్టె ఒకటీ తెచ్చి అందులో పడేశాడు. "ఎలాగూ పోయేవేగా" అన్నాడు. నేను లోపల మండువాలో ట్రైపాడ్ వేసి గుడ్డ కింద దూరాను. గాజుపలక మీద బొమ్మ తలకిందులుగా, కుడి ఎడమలు తారుమారై కనబడుతుంది. చూరు కిందుంది, తులసికోట పైనుంచి వేలాడుతోంది. మొదట్లో తల తిరుగుతుంది గానీ అలవాటైతే దీనివల్ల ఒక లాభం ఉంది. అది మన ఇల్లు అన్న సంగతి పోయి, గీతలూ వెలుతురూ మిగుల్తాయి. ఉత్తరం వైపు స్తంభం పక్కకి ఒరిగిందని నాకు అప్పుడే తెలిసింది. ఆ స్తంభానికి ఆనుకునే చిన్నప్పుడు దాగుడుమూతలకి అంకెలు లెక్కపెట్టేవాణ్ణి.

మీటరు ఎఫ్/22 దగ్గర 30 సెకన్లు అంది. అయితే ఫిల్ముకి ఒక గుణం ఉంది. ఎక్స్‌పోజరు ఒక సెకను దాటాక అది బద్ధకిస్తుంది, మసక వెలుతురులో ఇచ్చిన టైముకి తగినంత పని చెయ్యదు. ఎఫ్‌పి4కైతే మీటరు చెప్పిన సెకన్లని 1.26 ఘాతానికి హెచ్చించాలని ఇల్‌ఫర్డ్ వాళ్ళు చెబుతారు. 30కి 73 వస్తుంది. ఫోన్లో దానికో చిన్న పట్టిక చేసి పెట్టుకున్నాను, మనం చెయ్యగలిగిందదే కదా. షట్టరు తెరిచి లెక్కపెడుతుంటే నలభై దగ్గర మా పెద్దమ్మ బకెట్టు పట్టుకుని పెరటి తలుపులోంచి వచ్చి, మండువాలో బకెట్టు దించి, "చలిలో ఏం చేస్తున్నావు రా, కాఫీ తాగావా?" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. పోయిందిరా షీటు అనుకున్నాను. రెండోది ఆవిడ స్నానానికి వెళ్ళాక తీశాను.

వీధిలోంచి తీసేటప్పుడు ఈ కెమెరా అసలు పస తెలిసింది. సందు ఇరుకు, వెనక్కి జరగడానికి చోటు లేదు. ఫోను పైకెత్తి తీస్తే గోడలు వెనక్కి వాలిపోయినట్టు వస్తాయి. ఇందులో కెమెరా వెనక భాగాన్ని నిలువుగా అలాగే ఉంచి, ముందు లెన్సు పలకని మాత్రం రెండంగుళాలకి కాస్త తక్కువగా పైకి జరిపాను. గాజు మీద అరుగు, ద్వారబంధం, కప్పు కొప్పు, వెనక కొబ్బరి చెట్లు, అన్నీ నిటారుగా వచ్చి కూర్చున్నాయి. పెద్దనాన్నని పిలిచి గుడ్డ కింద చూడమన్నాను. కాసేపు నిశ్శబ్దం. "తలకిందులైపోయింది కదరా కొంప" అని లోపల్నుంచే పెద్దగా నవ్వారు. పిల్లలందరూ క్యూ కట్టారు. అరగంట పోయింది, ఎండ మారిపోయింది, అయినా ఎవరినీ వద్దనలేకపోయాను.

15న కనుమ. పొద్దున అరుగు మీద అందర్నీ నిలబెట్టి గ్రూపు ఫొటో. మధ్యాహ్నం అందరూ జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్ళిపోయారు. మా వైపు కనుమంటే అదే. పదకొండు రుద్రుల ప్రభలు ఊళ్ళు దాటుకుంటూ వస్తుంటే ఇళ్ళలో ఎవరూ ఉండరు. ఇల్లు ఖాళీ అవుతుందని నేను ఆ పూట కోసమే కాచుకున్నాను. నాన్న మాత్రం మోకాలు నొప్పని ఉండిపోయారు.

మామ్మ గది అంటే పడమటి గది. ఆవిడ ఆఖరి పదకొండేళ్ళూ అందులోనే ఉంది, 2019లో పోయింది. తర్వాత ధాన్యం బస్తాలు వేశారు. వాటిని నేనే ఒక్కో బస్తా పక్కకి లాగాను. నులకమంచం, గోడలో గూడు, గూట్లో దీపం మసి, చిన్న కిటికీ. అంతే. మీటరు 90 సెకన్లంటే పట్టిక 290 అంది. దాదాపు అయిదు నిమిషాలు తలుపు దగ్గర ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. స్లైడు మూసి, హోల్డరు తిప్పి, రెండో వైపు షీటు కోసం వంటింట్లోకి వెళ్ళాను.

అక్కడ నాన్న వచ్చి గుమ్మంలో పీట వేసుకుని కూర్చున్నారు. 1996 తుఫాను సంగతి ఎత్తారు. నవంబరు 6 రాత్రి. కోనసీమలో ఆ రాత్రి గురించి తెలియని ఇల్లుండదు. మా తూర్పు చూరు పెంకులన్నీ లేచిపోయాయట. ఊళ్ళో పూరిళ్ళ వాళ్ళంతా మా సావిడిలో చేరితే, మామ్మ మూడు రోజులు ఈ వంటింట్లో పొయ్యి ఆర్పలేదట. తడిసిన కట్టెలు మండక, పాత తలుపు ఒకటి గొడ్డలితో చీల్చి పొయ్యిలో పెట్టిందట. ఏ తలుపని అడిగాను. "ఆవిడ గది తలుపేరా. ఆ గదికి తలుపు లేదని నువ్వెప్పుడూ చూడలేదా?" అన్నారు. చూడలేదు. అయిదు నిమిషాల క్రితం ఆ గుమ్మంలోనే నిలబడి వచ్చాను.

వింటూనే గుడ్డ కింద చేత్తో తడుముకుంటూ స్లైడు లాగాను, షట్టరు తెరిచాను, మూడు నిమిషాలు, మూశాను, స్లైడు పెట్టేశాను. పన్నెండూ అయిపోయాయి.

హైదరాబాదు రాగానే డెవలప్ చెయ్యాల్సింది. వస్తూనే ఒక రిలీజు నెత్తిన పడింది. తర్వాత వారం ఆన్‌కాల్, ఆపై వారం మళ్ళీ ఏదో. శనివారం చేద్దాం అనుకుంటూ నాలుగు శనివారాలు పోయాయి. ఫిల్ము ఎక్కడికీ పోదు కదా అని ధీమా. ఈలోగా ఫిబ్రవరి రెండో వారంలో కప్పు దించేశారు. బాబాయ్ వాట్సాప్‌లో వీడియో పెట్టాడు. నేను పూర్తిగా చూడలేదు.

నెలాఖరు శనివారం బాత్రూములో కూర్చున్నాను. ఎఫ్‌పి4కి ఎర్రలైటు కూడా పనికిరాదు, ఫోను వెలుగు పనికిరాదు. డి-76 ఒకటికొకటి కలిపి, 20 డిగ్రీల దగ్గర 11 నిమిషాలు. ఆ రోజుల్లో నీళ్ళు మామూలుగానే ఆ దరిదాపుల్లో ఉన్నాయి, ఐసు అక్కర్లేకపోయింది. బయట తలుపు దగ్గర మా రూమ్మేటు కుర్చీ వేసుకుని, "ఆరు! ఏడు!" అని నిమిషాలు అరిచాడు. ఒక్కో షీటు విడిగా చేశాను, గీతలు పడతాయన్న భయంతో. పన్నెండింటికీ అయిదు గంటలు పట్టింది. వాడు ఒక్క నిమిషం కూడా తప్పలేదు. మధ్యలో ఒకసారి మాత్రం, "పదకొండు! అన్నట్టు పిజ్జా వచ్చింది" అన్నాడు.

ఒక్కొక్కటే ఫిక్సరులోంచి తీసి లైటేసి చూస్తున్నాను. మొదటి మండువా షీటులో మా పెద్దమ్మ లేదు! అన్ని సెకన్లలో ఆవిడ నడిచిన ఆ కాసేపూ ఫిల్ముకి ఆనలేదు. దించి వెళ్ళిన బకెట్టు మాత్రం సగం పారదర్శకంగా, నేల కనబడేలా ఉంది. తీసేద్దామనుకున్న ఆ షీటే అన్నిట్లోకీ బాగా వచ్చింది. ఇల్లు రెండూ బాగున్నాయి. గ్రూపు ఫొటోలో బాబాయ్ చిన్న కొడుక్కి తల ఉండాల్సిన చోట పొగ. నుయ్యి షీటు మీద నా గోరు గీత. స్తంభం షీటుకి ఓ మూల వెలుతురు కారింది. ఆరో హోల్డరు మొదటి వైపు: నలుపు. అంచునుంచి అంచుదాకా తారులాంటి నలుపు. రెండో వైపు: ఏమీ లేదు. కిటికీ అద్దంలా తెల్లగా ఉంది.

ఆ రెంటినీ పక్కపక్కన పట్టుకుని కమోడ్ మూత మీద చాలాసేపు కూర్చున్నాను. ఒకే హోల్డర్లో ఒకటి పూర్తిగా వెలుతురు తిని, ఇంకోటి అసలు వెలుతురే చూడకపోవడానికి కారణం ఒక్కటే ఉంటుంది. లెన్సు వైపు స్లైడు లాగాల్సింది పోయి నా వైపుది లాగాను. అంటే అప్పటికే మామ్మ గది ఎక్కి ఉన్న షీటుని విప్పి, మూడు నిమిషాలు గుడ్డ సందుల్లోంచి వచ్చే వెలుతురుకి పెట్టాను. వంటిల్లు ఎక్కాల్సిన షీటేమో మూసిన స్లైడు వెనక చీకట్లోనే ఉంది. పాత హోల్డర్లు కదా, వెలుతురు దూరుతుందేమోనని జాగ్రత్తపడి వెనకంతా గుడ్డ కప్పాను. ఆ గుడ్డ వల్లే కంటికి కనబడలేదు. స్లైడు పిడికి ఒకవైపు తెలుపు, ఒకవైపు నలుపు ఉంటుంది, తీసినదేదో తీయనిదేదో తెలియడానికే. ఒక్కసారి గుడ్డ ఎత్తి చూస్తే చాలు.

అదే నెలాఖరు కాకుండా, వచ్చిన మొదటి శనివారమే చేసుంటే ఇల్లు ఇంకా నిలబడే ఉంది. రాత్రి రైలెక్కితే పొద్దున్నకి ఉండేవాణ్ణి. ఆ రిలీజులో మేం ఏం రిలీజు చేశామో నిజంగా ఇప్పుడు గుర్తులేదు.

ఫిల్ములో ఆత్మ ఉంటుంది, డిజిటల్లో ఉండదు లాంటి మాటలు నాకు పడవు. ఈ నెగెటివుల్నే లైటు ప్యాడు మీద పెట్టి డిజిటల్ కెమెరాతో కాపీ తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను, బోలెడు లైకులు వచ్చాయి. ఆ గది ఫొటో నా ఫోన్లో ఒకటుంది కూడా, వెలుతురు ఎలా ఉందో చూసుకుందామని తీసింది. మూలన నా బ్యాగూ, సగం ట్రైపాడూ, రెండు బస్తాలూ పడ్డాయి. తలుపు లేని గుమ్మం అందులో లేదు, నేను నిలబడింది అక్కడే కాబట్టి.

ఉగాదికి అందరూ కాకినాడలో మా ఇంట్లో కలిశారు. నెగెటివుని ఫొటో కాగితం మీద పెట్టి, పైన గాజు ఉంచి తీసిన ప్రింట్లు, ఒక్కోటీ అరచేయంత, తీసుకెళ్ళాను. పెద్దనాన్న భూతద్దం పెట్టుకుని తూర్పు కప్పు ఫొటో పావుగంట చూశారు. "ఇదిగో, ఇక్కణ్ణుంచి ఇక్కడిదాకా తొంభయ్యారులో వేయించినవి. మిగతావి నాన్నగారు వేయించినవి. చూడు, అంచు మందంలో తేడా ఉంది" అని వేలు పెట్టి చూపించారు. నిజంగానే ఉంది. ఆ ఇంటికి అన్నేళ్ళు వెళ్ళి నేను ఒక్కసారి కూడా కప్పు వంక చూసిన పాపాన పోలేదు. పెద్దమ్మ మండువా ఫొటో చూసి, "నా బకెట్టేంట్రా ఇలా దెయ్యంలా ఉందీ" అంది. ఆవిడ లేదని ఆవిడకి తట్టలేదు. నేనూ ఎత్తలేదు.

నాన్న అన్నీ ఒకటికి రెండుసార్లు తిప్పి చూసి, "పడమటి గదిది ఏదిరా?" అన్నారు.

పొరపాటైందని చెప్పాను. ఏ పొరపాటో, ఎప్పుడు జరిగిందో చెప్పలేదు. సరే చూపించమన్నారు. కవర్లోంచి తీసి ఇచ్చాను. అంచులు పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి, ఎండకి ఎదురుగా పెట్టి, కళ్ళజోడు పైకి తోసి చూశారు.

"ఆ గదిలో ఎప్పుడూ చీకటేలే" అని తిరిగి ఇచ్చేశారు.

నెగెటివులో నలుపంటే చీకటి కాదు నాన్నా, వెలుతురు ఎక్కువైపోవడం అని చెప్పబోయి ఊరుకున్నాను.